దేవిడీమన్నా

అద్దెకు ఇల్లు దొరకని కథ మా వాళ్ళలో ఎవరినడిగినా ఒకటి చెబుతారు. అందుకని మా కథేదో పెద్ద కథని చెప్పుకోబోవడం లేదు. అందులో వచ్చిన ఒక్క మాట కోసం చెబుతున్నాం.

నెల్లూరు జిల్లా తీరంలో ఒక ఊరు. ఉద్యోగం పని మీద అక్కడికి మారాల్సి వచ్చింది. ఒక గేటుకు 'ఇల్లు అద్దెకు ఇవ్వబడును' అని బోర్డు. ఇంటాయన పెద్దమనిషి. వరండాలో కుర్చీలు వేయించాడు, మంచినీళ్ళు ఇప్పించాడు. మా తెలుగు విని ముచ్చటపడ్డాడు. పత్రికలో పని అంటే ఇంకా ముచ్చటపడ్డాడు. ఎంతమంది పిల్లలు, ఎప్పుడు దిగుతారు, అన్నీ అయినాయి. అడ్వాన్సు మాట కూడా అయింది. అప్పుడు పేరడిగాడు. చెప్పాం. ఆయన లోపలికి వెళ్ళి రెండు నిమిషాల్లో తిరిగొచ్చాడు. "ఏమీ అనుకోబాకండి. మా తమ్ముడి కొడుకు వస్తానన్నాడంట, ఇప్పుడే తెలిసింది" అన్నాడు. మేం ఏమీ అనుకోలేదు. అనుకోవడానికి అందులో కొత్తేముంది? బోర్డు మాత్రం ఇంకో నెల రోజులు ఆ గేటుకే ఉంది.

మమ్మల్ని ఆ ఇంటికి పంపిన మిత్రుడు తర్వాత ఆయన్ని నిలదీశాడట. ఆయన నవ్వేసి అన్నాడట: "మంచోళ్ళే గానీ, మా ఇంట్లో ఒప్పుకోరబ్బాయ్. దేవిడీమన్నా చెప్పేసినా."

మిత్రుడు సిగ్గుపడుతూ చెప్పాడు. ఆ రాత్రి మా నిద్ర చెడగొట్టింది ఇల్లు కాదు, ఆ మాట. మమ్మల్ని గడప బయట నిలబెట్టడానికి ఆయన వాడుకున్న మాట మా ఇంటి మాట. మమ్మల్ని రానివ్వని ఇంట్లో మా మాట ఏనాటి నుంచో కాపురం ఉంటోంది. దాన్ని ఎవరూ పేరడగలేదు.

ఆ మాటను విప్పి చూశాం.

ఉర్దూలో డ్యోఢీ అంటే వీధి తలుపుకూ లోపలి ఇంటికీ మధ్య ఉండే, కప్పు వేసిన చోటు. అది వీధీ కాదు, ఇల్లూ కాదు. కాపలావాడు కూర్చునేది అక్కడ. అర్జీ పట్టుకున్నవాడు కాచుకునేది అక్కడ. వచ్చినవాడెవరో లోపలికి కబురు పోయేది అక్కడి నుంచి. జనానా ఉన్న ఇంట్లో పరదా మొదలయ్యేదీ అక్కడే. దక్కను నోట్లో, తెలుగు నోట్లో అది దేవిడీ అయింది. హైదరాబాదులో అమీర్ల భవనాలకే దేవిడీలని పేరొచ్చింది. సాలార్‌జంగుల భవనం దివాన్ దేవిడీ. 1951లో సాలార్‌జంగ్ మ్యూజియాన్ని మొదట తెరిచింది అందులోనే. 1968లో అది ఇప్పుడున్న భవనానికి మారింది. ఇవాళ ఆ ఊళ్ళో దివాన్ దేవిడీ అంటే బట్టల అంగళ్ళు గుర్తొస్తాయి. వాకిలి పేరు భవనం మొత్తానికి ఎందుకొచ్చిందని అడిగితే మాకు తోచే జవాబు ఒకటే. ఊరి జనానికి కనిపించింది వాకిలి. లోపలికి పోయి చూసినవాళ్ళెందరు?

మన్నా అనేది అరబీ 'మనా'. వద్దనడం, నిషేధం. రెండూ కలిస్తే కొలువు వాకిట్లోకి అడుగుపెట్టొద్దనే ఆజ్ఞ. తెలుగులోకి వచ్చాక ఈ మాటకు నవాబుతో పనిలేకుండా పోయింది. ఉద్యోగం లేదు పొమ్మనడానికి, అప్పు పుట్టదనడానికి, పిల్లనివ్వమనడానికి, సినిమాకు డబ్బులడిగిన కొడుక్కి కుదరదనడానికి కూడా అదే. అది ఉర్దూ అన్న సంగతి అనేవాళ్ళకూ తెలియదు, వినేవాళ్ళకూ తెలియదు.

నెల్లూరు సీమ ఆర్కాటు నవాబుల ఏలుబడిలో ఉండి 1801లో కంపెనీ చేతికి పోయింది. ఏలినవాళ్ళు మారినా కచేరీ మాటలు మారలేదు. తహసీలు, జమాబందీ, ఫసలీ, దస్తావేజు, వకీలు, జవాబు, బాకీ, వసూలు. ఇలాంటి మాటల కోసమే బ్రౌన్ దొర 1854లో మిశ్రభాషా నిఘంటువని ఒక పుస్తకం విడిగా అచ్చువేయించాడు. దేవిడీమన్నా ఆ కచేరీ దారిలో వచ్చిన మాటే.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. డ్యోఢీలోని బరువైన ఢ ధ్వని అరబీలో లేదు, ఫారసీలోనూ లేదు. అది ఈ దేశపు మట్టిలో పుట్టిన మాట. పరాయి మాటనుకుంటున్న దానిలో సగం ఇక్కడిదే. మేమూ అంతే కదా అని మాకు అనిపించింది. ఆ పోలికను ఇంకా సాగదీయం. మాటలకు వంశవృక్షం చూపించి మనుషులకు చోటు అడగడం మాకు ఇష్టం లేదు. మాట ఎక్కడి నుంచి వచ్చినా ఇన్నేళ్ళు ఈ నోట్లో ఉంది. అది చాలదా?

మా నానీ వాళ్ళ ఊరు సముద్రానికి దగ్గర. ఆ ఊళ్ళో సాయిబుల ఇళ్ళకు దేవిడీలు లేవు. కాపలా పెట్టి దాచుకోవలసిన సంపద ఉన్నవాడికి కదా దేవిడీ. తాటాకు పంచ, మట్టి అరుగు, కాస్త కలిగినవాళ్ళకు పడసాల. నానీ ఉర్దూ మాట్లాడుతూ కూడా పంచను పంచ అనే అనేది. "పంచ మే బైఠో బేటా" అనేది. దాలాన్ అన్న మాట ఆమెకు తెలియక కాదు. ఆ ఇంటికి ఉన్నది పంచ, అందుకని పంచ అంది.

తెలుగులో 'పంచన చేరడం' అని ఒక పలుకుబడి ఉంది. దిక్కులేనివాడు ఒకరి చూరు కింద తలదాచుకోవడం. ఆ పక్కన దేవిడీమన్నాను పెడితే తొందరపడి ఒక తీర్పు చెప్పొచ్చు. చూశారా, తెలుగు వాకిలి చేరదీసింది, తురక వాకిలి తరిమేసింది అని. ఇలాంటి తీర్పులు ఈ మధ్య చాలామంది చెబుతున్నారు. భాషను సాక్ష్యానికి పిలిస్తే పూర్తిగా పిలవాలి. 'నా గడప తొక్కనివ్వను', 'గుమ్మం ఎక్కనివ్వను' అన్నవి ఏ నవాబు నేర్పిన మాటలు? మాలపల్లె మనిషి పంచలోకి కూడా రాకూడదని, వాకిట్లోనే నిలబడి పిలవాలని చెప్పింది ఏ సుల్తాను ఫర్మానా? కాదనడానికి ఏ భాషలోనూ మాటల కరువు లేదు.

అసలు దేవిడీ మాదని ఎవరన్నారు? ఆ దేవిడీ ముందు నిలబడి వద్దనిపించుకున్న వాళ్ళలో మా ముత్తాతలూ ఉన్నారు. నెల్లూరు బజార్లలో జట్కా తోలినవాడు, ఊరూరా తిరిగి గిన్నెలకు కళాయి వేసినవాడు, గాజుల మలారం మోసినవాడు, దూది ఏకినవాడు. వీళ్ళెవరూ దేవిడీ లోపలికి పోయి సలాం చేసినవాళ్ళు కారు. నవాబుల వాకిలి దెబ్బ తిన్నవాళ్ళకు నవాబుల వారసత్వం అంటగట్టడం ఏం న్యాయం?

అలాగని 'పంచన చేరడం' అంత తియ్యటి మాటా కాదు. పంచన చేరినవాడికి అన్నం దొరుకుతుంది, గొంతు దొరకదు. వాడు ఇంట్లో ఉన్నట్టే ఉంటాడు, ఇంటివాడు కాడు. దయ ఉన్నంతవరకే చూరు. మా వాళ్ళను 'మేం బాగానే చూసుకుంటున్నాం కదా' అనే మంచివాళ్ళు మాకు చాలామంది తెలుసు. వాళ్ళ మంచితనాన్ని తక్కువ చెయ్యం. కానీ చూసుకోవడం అన్న మాటలోనే ఇల్లు ఎవరిదో తేలిపోయింది. దేవిడీమన్నా మమ్మల్ని బయట పెడుతుంది, పంచ మమ్మల్ని అంచున పెడుతుంది. రెండింటిలోనూ నట్టింట్లో కూర్చున్నది వేరే ఎవరో.

ఇప్పుడు ఇంటాయన వైపు మాట కూడా వినాలి. 'నా ఇల్లు, నా ఇష్టం' అంటాడాయన. దీన్ని కొట్టిపారేయలేం. మా దీన్ ఈ హక్కును ఎప్పుడో ఒప్పుకుంది. ఇతరుల ఇళ్ళకు పోతే అనుమతి అడిగి, సలాం చెప్పి గానీ లోపలికి పోవద్దని, తిరిగి పొమ్మంటే తిరిగి పొమ్మని సూరా నూర్ నేర్పుతుంది. మూడుసార్లు అడిగి జవాబు రాకపోతే వెనక్కి మళ్ళమని ప్రవక్త నేర్పారు. కాబట్టి గుమ్మంలో వద్దనడమే పాపమని మేం అనం. వద్దనే హక్కు లేని ఇల్లు ఇల్లు కాదు, సంత. నానీ కూడా మధ్యాహ్నం నిద్రపోతూ ఎవరొచ్చినా తర్వాత రమ్మనేది.

మరి మాకు నొప్పి ఎక్కడ కలిగింది?

మొదటిది, 'ఇప్పుడు కాదు' అనడం వేరు, 'మీరు కాదు' అనడం వేరు. నానీ నిద్రకు మా కులంతో, మతంతో పనిలేదు. రెండోది, ఆయన ఉంటున్న ఇంట్లోకి మేం జొరబడలేదు. గేటుకు బోర్డు కట్టి ఊరందరినీ రమ్మన్నది ఆయనే. అందరినీ పిలిచి, వచ్చాక మనిషిని బట్టి పిలుపు వెనక్కి తీసుకోవడం ఇల్లు కాపాడుకోవడం కాదు. మూడోది అన్నిటికన్నా పెద్దది. ఒక్క గుమ్మం మూసుకుంటే పక్క గుమ్మానికి పోతాం. పక్క గుమ్మమూ, ఆ పక్కదీ, ఆ వీధీ మూసుకుంటే? ఒక్కొక్కరూ తమ తలుపే మూశామనుకుంటారు. అందరూ కలిసి ఊరు మూశారు. ఆ పని చేసిందెవరని అడిగితే ఎవరూ కాదు. అందరూ తమ హక్కులోనే ఉన్నారు. ముస్లింలకు ఇల్లు అద్దెకు దొరకడం, కొనుక్కోవడం కష్టమవుతోందని 2006లో సచార్ కమిటీ నివేదిక కూడా రాసింది. 1992 డిసెంబరు తర్వాత ఇది ఎక్కువైందని మా పెద్దవాళ్ళు చెబుతారు. ఇంత జరిగాక మమ్మల్నే అడుగుతారు: 'మీ వాళ్ళంతా ఒకేచోట గుంపుగా ఎందుకుంటారండీ?'

పేరు సంగతి ఇంకొకటి. తలుపు తట్టినప్పుడు 'ఎవరు?' అంటే 'నేనే' అనడం ప్రవక్తకు నచ్చలేదని హదీసుల్లో ఉంది. పేరు చెప్పాలి. ఎందుకు? లోపలివాడు వచ్చినవాణ్ణి గుర్తుపట్టడానికి. పేరు ఒక మనిషిని మిగతా మనుషుల నుంచి వేరుచేసి చూపిస్తుంది. ఆ వరండాలో అది తలకిందులైంది. పేరు చెప్పేదాకా మేం మనుషులుగా కనిపించాం. పిల్లలున్నవాళ్ళం, పత్రికవాళ్ళం, మంచి తెలుగు మాట్లాడేవాళ్ళం. పేరు చెప్పగానే అవన్నీ పోయి ఒక గుంపు అయిపోయాం.

పేరడగని వాకిళ్ళూ నెల్లూరులోనే ఉన్నాయి. మొహర్రం నెలలో స్వర్ణాల చెరువు గట్టున, బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగ. ఆ చెరువు నీళ్ళలో నిలబడి కోరిక తీరినవాళ్ళు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్ళు పుచ్చుకుంటారు. అక్కడ అడిగేది రొట్టె పేరు. చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె, ఇంటి రొట్టె. ఇచ్చే చెయ్యి ఎవరిదని ఎవరూ అడగరు. మా ఇంటాయన కూడా ఆ ఇల్లు కట్టకముందు ఏ బుర్ఖా ఆవిడ చేతి నుంచో ఇంటి రొట్టె అందుకునే ఉంటాడేమో.

ఇంతవరకు చెప్పి ఊరుకుంటే మేం సగమే చెప్పినట్టు. మా దేవిడీల సంగతి?

1989 నవంబరులో కావలి దగ్గర తుఫాను తీరం దాటింది. మేం చిన్నపిల్లలం, నానీ దగ్గరున్నాం. ఆమెది మిద్దె ఇల్లు. ఆ రాత్రి పాలెం నుంచి పల్లెకారులు, మాలపల్లె నుంచి ఇంకొందరు తడిసిన బట్టలతో, పిల్లలతో, కోళ్ళతో వచ్చేశారు. నానీ ఎవర్నీ ఏమీ అడగలేదు. పడసాల నిండింది, నట్టిల్లూ నిండింది. ఆ రాత్రి అది ఎవరిల్లో చెప్పలేనట్టుంది. తెల్లవారి గాలి తగ్గాక గంజి పోశారు. అప్పుడు మా ఇంటి పెద్దావిడ ఒకరు మాలపల్లె వాళ్ళకు మాత్రం ఆకులేయించింది, నీళ్ళు పైనుంచి దోసిట్లో పోయించింది. నానీ చూసింది. ఏమీ అనలేదు. ఇస్లాంలో అంటు లేదని మేం సభల్లో చెప్పేటప్పుడు ఆ దోసిళ్ళు మాకు గుర్తొస్తాయి.

ఇంకా దగ్గరి సంగతి. మా అమ్మీ ఇల్లు నెల్లూరు కోటమిట్టలో. కొన్నేళ్ళ కిందట పై వాటా అద్దెకు ఇవ్వాలనుకున్నారు. ఒక కుటుంబం వచ్చింది. దూదేకులవాళ్ళు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు. నమాజు చదువుతారు, రోజాలుంటారు. వాళ్ళు వెళ్ళాక మా మామూ అన్నాడు: "ఉర్దూ భీ నై ఆతా. అప్నే లోగాఁ నై." ఉర్దూ కూడా రాదు, మన వాళ్ళు కారు. మర్నాడు వాళ్ళకు ఫోను పోయింది. బంధువులెవరో వస్తున్నారని చెప్పారు.

మేం అక్కడే ఉన్నాం. నోరు మెదపలేదు.

పింజారీ అన్న మాట తెలుగులో తిట్టు. అది ఒక పనిచేసి బతికే మనుషుల పేరని తెలిసి కూడా మా పిల్లకాలంలో ఆ తిట్టుకు మేమూ నవ్వాం. ఉర్దూ రాని సాయిబును ఎగతాళి చేశాం. వాళ్ళతో వియ్యం అంటే ముఖం చిట్లించాం. తెలుగువాళ్ళకు మేం చాలినంత తెలుగు కాము, దూదేకులవాళ్ళు మాకు చాలినంత తురకలు కారు. ఎవరి దేవిడీలో వాళ్ళం కాపలాదారులం. మా ఆడవాళ్ళ సంగతైతే ఇంకా వేరు. చాలా మసీదుల ముందు వాళ్ళకు ఎవరూ వద్దని చెప్పరు. చెప్పాల్సిన అవసరం రాకుండా పెంచాం.

అందుకని ఆ ఇంటాయన మీద రాయి వేసే చెయ్యి మాకు లేదు. అయినా మాట్లాడే నోరు ఉందని అనుకుంటున్నాం. తప్పు చేసినవాడికి ఆ తప్పు ఎలా జరుగుతుందో లోపలి నుంచి తెలుసు. దానికి పెద్ద ద్వేషం అక్కర్లేదు. 'ఇంట్లో ఒప్పుకోరు' అన్న చిన్న అబద్ధం చాలు. పక్కన ఒకరు నోరు మెదపకుండా కూర్చుంటే చాలు.

మళ్ళీ భాష దగ్గరికి వస్తాం. బడిలో వ్యాకరణం చెప్పేటప్పుడు తత్సమం, తద్భవం, దేశ్యం అయ్యాక అన్యదేశ్యం అని ఒక గది ఉంటుంది. మా మాటల్ని అందులో కూర్చోబెడతారు. ఇన్ని తరాలు తెలుగు నోట్లో అరిగినా అవి అన్యమే. తెలుగువాడు తన ప్రాణంగా చెప్పుకునే 'రైతు' అరబీ మాట. పోరాడి తెచ్చుకునే 'హక్కు' అరబీ మాట. ఆ రెండూ లేకుండా ఈ నేల మీద జరిగిన ఏ ఉద్యమం గురించైనా రాయమనండి చూస్తాం. రైతును, హక్కును ఎవరూ అన్యమని అనుకోరు. అవసరం ఉన్న చోట గడప కనపడదు. 2022లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఉర్దూను రాష్ట్రానికి రెండో అధికార భాష చేసింది. సంతోషమే. ఆ చట్టం ఆఫీసు తలుపులు తెరవగలదు. వరండాలో పేరడిగే మనిషి నోట్లోకి పోలేదు.

ఇంకొక చిన్న మాట ఉంది. ఈ వ్యాసమంతా 'మేము' అని రాస్తూ వచ్చాం. ఉర్దూలో రాసి ఉంటే 'హమ్' అని రాసేవాళ్ళం. హమ్‌కు ఒకటే గది. వినేవాడు అందులో ఉన్నాడో లేడో ఆ మాట చెప్పదు. తెలుగు అలా కాదు, రెండు గదులు కట్టింది. వినేవాణ్ణి బయట ఉంచితే మేము, లోపలికి తీసుకుంటే మనం. తెలుగులో నోరు తెరిచిన ప్రతిసారీ ఎదుటివాణ్ణి ఎక్కడ కూర్చోబెట్టాలో తేల్చుకోవాలి. ఇంత మర్యాద తెలిసిన వ్యాకరణం మాకు ఉర్దూలో లేదు. మామూ ఆ రోజు 'అప్నే లోగాఁ' అన్నప్పుడు మేం తెలుగులోకి మార్చుకుంటూ 'మన వాళ్ళు' అని రాశాం. తెలుగు ఆ మాటతోనే మమ్మల్ని పట్టించింది. ఆ 'మన'లోకి మమ్మల్ని రానిచ్చారు, పై వాటా కోసం వచ్చినవాళ్ళను వద్దన్నారు.

ఫారసీలో దహ్లీజ్ అంటే వీధి తలుపుకూ ఇంటికీ మధ్య ఉండే నడవ. ఉర్దూలోకి వచ్చేసరికి అది గడప అయిపోయింది. ఇద్దరు మనుషులు నిలబడి మాట్లాడుకోగలిగిన చోటు ఒక గీత అయింది. గీతకు అటో ఇటో ఉండాల్సిందే, మధ్యలో నిలబడ్డానికి లేదు. మేం అడుగుతున్నది గడపలు తీసేయమని కాదు. పేరడగండి, ఊరడగండి, పని ఏమిటని అడగండి. మీకు నచ్చకపోతే మమ్మల్ని చూసి, మమ్మల్నే కాదనండి. కాకపోతే పేరు విన్నాక ఇంకొక ప్రశ్న వేసేంత చోటైనా మిగల్చండి. మేం మా వాకిట్లో ఆ చోటు మిగల్చలేదు. పై వాటా ఇప్పుడు మళ్ళీ ఖాళీగా ఉంది. ఈసారి ఎవరొస్తారో తెలియదు. అమ్మీ ఫోను చేసి ఎవరికివ్వమంటారని అడిగింది. ముందు వచ్చినవాళ్ళకివ్వమన్నాం.

మామూ ఏమంటాడో తెలుసు. ఈసారి జవాబు చెప్పాలి.